బళేపేటలో మూడు గంటల సోదా

2002 జూన్‌లో నన్ను చెన్నై నుంచి బెంగళూరుకు బదిలీ చేశారు. మాదకద్రవ్యాల నిఘా విభాగంలో ఇంటెలిజెన్స్ ఆఫీసరు హోదా. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుకు అటూ ఇటూగా ఉండే ఉద్యోగం. యూనిఫాం ఉండదు, మామూలు బట్టల్లోనే తిరుగుతాం. అప్పటికే నా సర్వీసులో ఒక మచ్చ ఉంది. చెన్నైలో ఒకణ్ణి సరుకుతో సహా పట్టుకున్నాను. ఒంటిని తడిమే ముందు ఇవ్వవలసిన నోటీసును తొందరలో సోదా అయ్యాక రాశాను. కోర్టులో అది బయటపడి అతడు విడుదలయ్యాడు. తప్పు నాది.

బెంగళూరులో నాకిచ్చిన ఫైలు ఓబులప్పది. అసలు పేరు వేరు. పావగడ వైపు నుంచి కరువులో వచ్చి, ఊళ్ళో గాజుల కొట్లుండే బళేపేటలో ఒక లారీ బుకింగ్ ఆఫీసు దగ్గర మూటలు మోశాడు. ఏ పెట్టె ఏ దారిన పోతుందో, ఎక్కడ తనిఖీ ఉండదో మోస్తూనే నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళలో అతని కింద నాలుగు రాష్ట్రాల్లో మనుషులు చేరారు. అతను పంపేది ఎఫెడ్రిన్. దగ్గు మందుల్లో వాడే తెల్లటి పొడి. మెక్సికోలోని ముఠాలు దానితోనే ఒక ప్రాణాంతకమైన మత్తుమందు వండేవి. గాజుల పెట్టెల అడుగున పొడి సర్ది ఓడ ఎక్కించేవాడు. ఆ ముఠాల నాయకులకు అతని గొంతు తెలుసు. మా దగ్గర మాత్రం అతని ఫోటో కూడా లేదు. సరుకును అతను ఎప్పుడూ ముట్టుకోడు. గోడౌన్లన్నీ ఇతరుల పేర్ల మీదే ఉండేవి.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక ఉదయం మాకు సమాచారం వచ్చింది. తన మనుషుల్లో ఎవరినీ నమ్మలేక, కొత్త సరుకు నమూనా చూడటానికి ఓబులప్పే స్వయంగా బళేపేట గోడౌనుకు వస్తున్నాడు. మనిషి ఆనవాళ్ళు కూడా అందులో ఉన్నాయి. చట్టం ప్రకారం ఆ సమాచారాన్ని ముందు కాగితం మీద పెట్టి పై అధికారికి పంపాను. తర్వాత ఐదుగురం బయలుదేరాం.

పదకొండు గంటలకు గోడౌను మెట్ల మీద అతన్ని ఆపాం. యాభై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా, హవాయి చెప్పులు. పరుగెత్తలేదు. నా మాట వినగానే, "మీది అనంతపురం పక్కనా అప్పా?" అని అడిగాడు.

నిన్ను సోదా చేయాలి, గెజిటెడ్ అధికారి ఎదుటగానీ మేజిస్ట్రేటు ఎదుటగానీ చేయమని కోరే హక్కు నీకుంది అని తెలుగులో చదివి నోటీసు ఇచ్చాను. అతను నింపాదిగా చదువుకుని, గెజిటెడ్ అధికారి కావాలని రాసి సంతకం పెట్టాడు. మా బృందంలోని వారు పనికిరారు. వేరే శాఖ నుంచి ఒక డిప్యూటీ కమిషనరును పిలవాలి. ఆయన ఊరికి అటు చివర ఉన్నారు.

మా వాళ్ళు లోలోపల మండిపడ్డారు. వెంటనే తడిమి గోడౌను తాళంచెవి పట్టుకుంటే చాలు, కేసు నిలుస్తుందని వాళ్ళ తొందర. ఇంతలో అతని మనుషులు వస్తే? నేను కదలలేదు. వీధికి రెండు వైపులా మనుషులను నిలబెట్టాను.

సోదాకు ఇద్దరు స్థానికులు సాక్షులుగా ఉండాలి. దుకాణాల వాళ్ళను వరసగా అడిగాను. ఒకాయనకు బీపీ, ఒకాయన కూతురికి నిశ్చితార్థం. తొమ్మిది మంది కాదన్నాక లారీ ఆఫీసు గుమాస్తా ఒకడు మొహమాటానికి ఒప్పుకున్నాడు. రెండో మనిషి దొరకలేదు. పక్క కొట్లో గాజులు బేరం చేస్తున్న నడివయసు ఆమె మా మాటలు విని తనే వచ్చింది. పేరు సుబ్బక్క. బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీల గేటు దగ్గర తోపుడుబండి మీద గాజులు అమ్ముతుంది.

"నేనుంటాను సామీ," అంది.

కోర్టుకు రావాల్సి వస్తుందమ్మా, ఇది పెద్దవాళ్ళ వ్యవహారం అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"నా బండిని లారీ గుద్దినబ్బుడు సూసినోళ్ళు పదిమంది ఉండారు. సెప్పేదానికి ఒక్కడూ రాలేదు. నేనూ అట్లే పోతే ఎట్ల?"

మెట్ల మీద కూర్చుని ఓబులప్ప నవ్వాడు. "నన్ను పట్టుకున్నోళ్ళు శానామంది ఉండారప్పా. పట్టుకొని పెట్టుకున్నోళ్ళే లేరు."

చెన్నై కేసు గుర్తొచ్చి, నోటీసు మీద అతని సంతకం, సమయం మరోసారి చూసుకున్నాను.

రెండు గంటలకు డిప్యూటీ కమిషనరు వచ్చారు. ఆయన ఎదుట, సాక్షుల ఎదుట సోదా చేశాం. బనియను కింద నడుముకు కట్టిన ఎర్ర గుడ్డలో తాళంచెవి, చిన్న పొట్లం దొరికాయి. పొడి మీద రసాయనం చుక్కలు వేస్తే ఊదారంగు తేలింది, అంటే ఎఫెడ్రిన్. ఆ తాళంచెవితోనే గోడౌను తెరుచుకుంది. లోపల నలభై గాజుల పెట్టెలు ఓడకు సిద్ధంగా ఉన్నాయి. పంచనామా చదివి వినిపించాక సుబ్బక్క వేలిముద్ర వేసింది.

విచారణ మొదలవడానికి మూడేళ్ళు పట్టింది. గుమాస్తా బోనెక్కి తనకేమీ గుర్తులేదన్నాడు. సుబ్బక్క వంతుకు వారం ముందు ఇద్దరు ఆమె ఇంటికి వచ్చి, ఆ రోజు ఊరికి పొమ్మన్నారు. ఆమె బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకు వచ్చి చెప్పింది. కోర్టుకు తెలిపి కాపలా పెట్టించాం.

డిఫెన్సు లాయరు ఆమెకు చదువు రాదనే చోట పట్టాడు. ఆఫీసర్లు ముందు సోదా చేసి, కాగితాలు తర్వాత రాసుకున్నారు కదా అన్నాడు.

"లేదు సామీ. ముందు అడిగినారు. పెద్దాయన వచ్చేదాకా ఆయప్పని ముట్టనే లేదు. మూడు గంటలు కూర్సోబెట్టినారు మమ్మల్ని. ఆ పొద్దు నా యాపారమంతా పాయ. నాకు గ్యాపకముండదా?"

జడ్జిగారికి తెలుగు వచ్చు. ఆ మాటను ఆయనే అనువదించి టైపిస్టుకు చెప్పారు. తీర్పులో కూడా అది ఎక్కింది. ఓబులప్పకు పదేళ్ళ శిక్ష పడింది, హైకోర్టులో కూడా నిలిచింది. అతని కింది మనుషులు ముగ్గురు ఆ తర్వాత వాళ్ళంతట వాళ్ళే వచ్చి వాంగ్మూలం ఇచ్చారు. ఆ దారిలో సరుకు పోవడం ఆగింది.

ఆ కేసుకు ముందు నేను ఎన్నో ఫైళ్ళలో "స్థానిక సాక్షులు దొరకలేదు" అని రాశాను. ఇద్దరు ముగ్గురిని అడిగి కాదంటే ఆ వాక్యం రాసేసేవాణ్ణి. రిటైరయ్యే దాకా మళ్ళీ ఆ వాక్యం రాయలేదు. దొరికేదాకా అడిగాను. ప్రతిసారీ ఎవరో ఒకరు దొరికారు.