కొత్త పత్తికి తెరుస్తారని

మొన్న మనవరాలి పెండ్లికి గుడ్డలు కొనేకి ఆదోనికి పోయినప్పుడు చూసినాను. మా దూది మిల్లు ఉండిన తావున ప్రహరీ గోడ పడగొట్టి, ప్లాట్లకు రాళ్లు పాతి సున్నం గీతలు గీసినారు. ఆపైన అంగడిలో అడిగినంత ఇచ్చేసినాను. బేరం లేకుండా నేను గుడ్డ కొనడం మా కోడలు చూసింది అదే మొదలు.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు, ఆ దినాల్లో ఆదోనిని రెండో బొంబాయి అనేవాళ్లు. చుట్టూ నల్లరేగడి పల్లెల పత్తంతా బండ్ల మీద ఆడికే దిగేది. గింజ నూనె మిల్లుకు, దూది నూలు మిల్లుకు, నూలేమో ఎమ్మిగనూరు మగ్గాలకు పోయేది. బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒక్క మాటలోనే కలిసిపోయేవి. నా చదువు చిన్న బడితోనే ఆగినా, ఆ మూడింటిలోనూ పోట్లాడేకి వచ్చు నాకు.

మా ఇంటాయనది గింజ తీసే మిషను కాడ పని, నాది పత్తిలో చెత్త ఏరే పని. సందేళకు నెత్తినిండా దూదితో బయటికొస్తే, నా పక్కన కూర్చునే సాయిబులామె, "ఏం వదినా, పొద్దున పడుచుదానివై పోతివి, ముసలిదానివై వస్తివే" అని నవ్వేది.

ఆ మిల్లు ఏడాదంతా తిరిగేది కాదు. పత్తి అయిపోతే ఎండకాలంలో మూసి, కొత్త పత్తి దిగినాక మిషన్లకు టెంకాయ కొట్టి సైరను కూత వేసేవాళ్లు. కూత వేసినప్పుడు గేటు కాడ లేనివాళ్ల తావు ఇంకొకరికి పోయేది. అందుకే ఒక ఏడు మామూలుగా మూసినప్పుడు ఎవరమూ ఏమీ అనుకోలేదు. కొత్త పత్తి వచ్చింది, బండ్లు వేరే మిల్లులకు మళ్లినాయి, మా కూత మాత్రం పడలేదు.

ఎమ్మిగనూరులో గుంత మగ్గం నేసే మా ఆడబిడ్డ వచ్చి, "మగ్గం గుంత ఖాళీగా ఉంది, రారా తమ్ముడా. మిల్లు దొరకు గుంతలో దిగేకి నామోషీనా?" అని దెప్పింది.

"నేనాడ కూర్చున్న దినమే ఈడ కూత వేస్తే ఎట్లక్కా?" అన్నాడాయన.

ఆమె ఇంకొకర్ని మగ్గానికి కూర్చోబెట్టుకుంది. నేను శనక్కాయ గింజలు ఏరేకి పోయి, జొన్న సంగటి పలచన చేసి పిల్లోళ్లను సాకినాను. ఆయన్ను తిట్టినాను కూడా. పత్తి దిగే కాలం వస్తే చాలు, ఆయన పొద్దున్నే స్నానం చేసి గేటు కాడ నిలబడేవాడు. అట్లా చూసి చూసి, ఒక ఏడు పత్తి దిగకముందే పోయినాడు.

మిల్లు నడిపినవాళ్లను నేను తిట్టను. నష్టమొస్తే ఎవరైనా మూస్తారు. ఇప్పటి పిల్లోళ్లను పనిలోంచి తీసేస్తే ఫోనుకు మెసేజి వస్తుందంట. అది కటువే గానీ, తెలుస్తుంది గదా. ఇంక తెరవమప్పా అని ఆ దినం ఒక మనిషి గేటు కాడికొచ్చి చెప్పింటే, మా ఇంటాయన ఆ సందేళే ఎమ్మిగనూరు బస్సెక్కేవాడు.