పొత్తిగుడ్డల్లో పాకం వాసన

పోయిన ఏడాది ఇందుకూరుపేటలో మనవడు పుట్టినప్పుడు, చెవిలో అజాన్ చెప్పగానే నాలుకకు తేనె అద్దింది నేనే. వారం తిరక్కుండా బిడ్డ పాలు మానేసి మగతగా పడిపోయాడు. మూత్రంతో తడిసిన గుడ్డల్లో బెల్లం పాకం వాసన!

కోడలు రేష్మా నా చేతులు పట్టుకుని వాసన చూసింది. "దొంగచాటుగా ఇంకా తేనె నాకిస్తుండారు కదత్తా!" అంటూ బిడ్డను లాక్కుంది.

నెల్లూరు డాక్టరుగారు ఆ గుడ్డ వాసన చూసి కంగారుపడ్డారు. బిడ్డ రక్తం, మూత్రం చెన్నై ల్యాబుకు పంపారు. ఒంట్లో తయారయ్యే పదార్థాలను ఒకేసారి పట్టి చూపే పరీక్ష అట. ఫలితం రాగానే డాక్టరుగారు మమ్మల్ని పిలిచి చెప్పారు.

"తేనె కాదమ్మా. పాలలోని మాంసకృత్తులు ఈ బిడ్డకు పడక విషమవుతున్నాయి. ఈ పాకం వాసన దానిదే. తల్లిపాలు ఆపండి."

ప్రత్యేక పాలపొడితో మనవడు బతికాడు. కానీ పాలు ఆపమన్న మాట వినగానే రేష్మా, పాలతో తడిసిన జాకెట్టును రెండు చేతులతో దాచుకోవడం మరవలేను. ఆమెను దులిపేయాలని దాచుకున్న మాటలన్నీ వదిలేసి, నా పైటకొంగు ఆమె భుజాల చుట్టూ కప్పాను.