ఇద్దరి డేరా

మావారు పోయిన ఆరు నెలలకు, ఆయన కొన్న డేరా తీసుకుని సత్తుపల్లి నుంచి భద్రాచలం అడవికి ఒక్కదాన్నే వెళ్లాను. కొన్ని యూరప్ దేశాల్లో అడవిలో ఎవరైనా ఒక రాత్రి డేరా వేసుకోవచ్చని ఆయన చెప్పేవారు. ఇక్కడా అంతే అనుకున్నాను.

సాయంత్రం ఫారెస్టు గార్డు వచ్చాడు. “ఇక్కడ ఉండుడు నేరమమ్మా. ఎలుగుబంట్లు తిరుగుతయ్. ఎంతమంది ఉన్నరు?”

“ఇద్దరం” అనేశాను, అలవాటుగా.

లోపల రెండు దిండ్లు చూసి, “సారు ఏడికి పోయిండ్రు? జల్దీ రమ్మనుండ్రి” అంటూ తనే చెట్లవైపు తిరిగి “సారూ! సారూ!” అని కేకలు వేశాడు.

అతను మళ్లీ పిలవబోతుంటే చెయ్యెత్తి ఆపాను. “లేరయ్యా, చనిపోయారు” అన్నాను. అతను తలవంచుకుని డేరా మడిచాడు, నన్ను బస్సెక్కించాడు.

ఆయన పోయాక ఆయన కోసం అంత గట్టిగా కేక వేసింది అతనొక్కడే. నాకైతే ఇప్పటికీ ధైర్యం చాలలేదు.