ఆరు గడుల గోడ

నా చిన్నప్పుడు, జామచెట్టు మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్న ఏడాది, మా మేనత్త కువైట్ నుంచి వచ్చింది. పుత్తూరులో కట్టు కట్టించుకుని మా ఊరు ఐరాలకు తిరిగొచ్చేసరికి ఆమె పెట్టెలోంచి మడతబల్ల ఒకటి తీసి పరిచింది. తాను పనిచేసిన ఇంట్లో ముసలమ్మ నేర్పిన ఆటట. చెరి పదిహేను బిళ్లలు. రెండు పాచికలు వేసి, పడినన్ని గడులు ఎదురెదురుగా జరుపుతూ అన్నిటినీ ముందుగా ఇల్లు చేర్చాలి. ఒక గడిలో నా బిళ్లలు రెండుంటే అత్త బిళ్ల అక్కడ దిగలేదు; ఒక్కటే ఉంటే కొట్టి మొదటికి పంపేస్తుంది. అలాంటి జంటలు వరుసగా ఆరు గడుల్లో నిలిస్తే అది దాటరాని గోడ.

నా కట్టు విప్పేలోగా ఒక్కసారి గెలిస్తే బల్ల నాదేనంది అత్త. లేకపోతే తనతోపాటే వెళ్లిపోతుంది.

ఎడమచేత్తో పాచికలు వేస్తూ రోజూ ఓడిపోయేదాన్ని. ఒకరోజు ఆరు జంటలూ కుదిరాయి. గర్వంగా తలెత్తాను.

"గోడ బాగుండాది అమ్మీ. లోపల ఎవురుండారు?"

చూస్తే ఆమె బిళ్లలన్నీ ఎప్పుడో దాటిపోయాయి.

"కాయలు కోసేసినాక తోటకు కాపలా పెడతారా యాడన్నా?" అని నవ్వింది.

తర్వాత చేటలోని వేరుశెనగ కాయల్ని ఆరు చొప్పున ఆరు వరుసలు పేర్చింది. "సూడు, రెండు పాచికలు పడే తీర్లు ఇన్నే. నీ గోడ అయిదు గడులే ఉండి, నేను దాన్ని ఆనుకొనుంటే, ఏదో ఒక పాచికకు ఆరు పడితేనే దాటేది." చివరి అడ్డవరుస, చివరి నిలువువరుస ఏరి నా ఒళ్లో పోసింది. లెక్కపెట్టాను, పదకొండు దారులు. నేల మీద ఇరవై అయిదు మిగిలాయి. వేలిముద్ర వేసే మా అత్త! లెక్క అనేది పుస్తకంలో కాక మనిషిలో ఉండగా చూడడం అదే మొదటిసారి.

కట్టు విప్పే ముందురోజు అత్త బిళ్ల ఒకటి నా అయిదు గడుల గోడ వెనక చిక్కింది. నాకు పడిన పాచికలతో ఒంటరిగా ఉన్న నా బిళ్లను కాపాడుకోవచ్చు, లేదా ఆరో గడి మూయవచ్చు. లోపల ఎవరున్నారని నన్ను నేనే అడిగి, మూసేశాను. ఆమెకు ఉన్న పదకొండు దారులూ పోయాయి. మిగతా బిళ్లల్నే కదుపుతూ, కదుపుతూ ఓడిపోయింది.

బల్ల మడిచి నా ఒళ్లో పెడుతూ అంది: "నాలుగేండ్లు ఆ ఇంటి గేటు దాటకుండా ఉంటిని అమ్మీ. లోపలుండేవాళ్లకే లెక్కలు బాగా వస్తాయి."

మొన్న మా అమ్మాయి బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పోతానంటే వద్దనబోయాను. అంతలో ఒళ్లో కాయల బరువు తగిలినట్టయింది. గోడ వెనక ఎవరున్నారో, వాళ్లకు ఎన్ని దారులు మిగిల్చానో చూసుకోకుండా నేను ఆరో గడి మూయను.