ఆదివారం పరుగు

సిటీ బస్సు డ్రైవరు ఆదివారమైనా నడుం వాల్చడు. అట్ట పరుచుకుని తన పాత టర్బో కారు కిందికి దూరతాడు. లేచేటప్పుడు మోకాళ్లు కలుక్కుమంటాయి. ఆ రోజు టర్బో నుంచి ఇంజనుకి గాలి అందించే గొట్టం చిట్లిందని కనిపెట్టి, కొత్తది బిగించేసరికి మధ్యాహ్నమైంది.

"ఆరు రోజులు తిప్పిన స్టీరింగు చాల్లేదా మీకు?" అంటూనే భార్య కారెక్కి అతని పక్కన కూర్చుంది.

"ఒక్కసారి దీని పరుగు చూడవే," అని ఖాళీ రోడ్డు మీద తొక్కాడు. కారు ఉరికింది. అలసిన మొహం విప్పారింది. అంతలో బస్టాపులో ఓ ముసలాయన చెయ్యెత్తాడు. డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"ఇవాళ కూడానా!" అని తనని తానే తిట్టుకున్నాడు.

భార్య నవ్వాపుకుంటూ దిగి వెనక తలుపు తీసింది. "ఎక్కండి బాబాయిగారూ, సీటు ఖాళీయే."

ఆయన సర్దుకుని కూర్చునేదాకా అద్దంలో చూసి, అప్పుడు గేరు వేశాడు.