ఐదుకు ఒకటి

వ్యక్తిత్వ పరీక్షలంటే నాకు ఒళ్ళు మంట. ‘నువ్వు ఎలాంటివాడివో ఇరవై ప్రశ్నల్లో తెలుసుకో’ అని ఫోనులో ఎవరైనా పంపితే, పంపినవాళ్ళతో రెండు రోజులు మాట్లాడను. చిత్తూరు బస్టాండు దగ్గర చిలక జోస్యం చెప్పే ఆయన వీళ్ళకంటే వెయ్యి రెట్లు నయం. ఆ చిలక చీటీ తీసి, గింజ తిని బోనులోకి పోతుంది. ఎవరి ఉద్యోగం జోలికీ రాదు.

అప్పట్లో నేను చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాని. సీజన్లో కాయలు ఏరే బెల్టు దగ్గర నలభై మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. వాళ్ళలో ఒకామె ఉండేది, నాకంటే పదేళ్ళు పెద్ద. తోతాపురి కాయ ఎప్పుడు మాగిందో చెప్పడానికి ఆమె తరవాతే ఎవరైనా. మేనేజరు వచ్చి “ఈ లోడు గుజ్జుకు తియ్యొచ్చా?” అని అడిగితే, “నాకేం తెల్సు సామీ” అనేది. అంటూనే చెయ్యి క్రేటులోకి పోయేది. కాయ ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూసి, “రేప్పొద్దున తియ్యండి” అనేది. లోడు మరునాడే తీసేవాళ్ళు.

ఒక ఏడాది కంపెనీవాళ్ళు బెల్టుకు సూపర్‌వైజరును పెట్టాలనుకున్నారు. ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం. ఆమెకు వస్తే, సీజన్ అయిపోగానే వేరుశనగ చేలల్లో కలుపు తీయడానికి పోవాల్సిన పని ఉండదు. అందరం ఆమెకే అనుకున్నాం. ఈలోగా బెంగళూరు నుంచి ఒక మేడమ్ ప్రశ్నల కాగితాలు తెచ్చింది. ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో చదివి వినిపించి, ఐదుకు ఎన్ని మార్కులో గుర్తు పెట్టే పని నాకు అప్పజెప్పారు.

క్యాంటీన్లో ఆ అక్క నా ఎదురుగా కూర్చుంది. “అక్కా, నీ పని మీద నీకు నమ్మకం ఉందా?”

“ఏదో జరిగిపోతా ఉండాది అబ్బయ్యా.”

“నలుగురూ నీ మాట వింటారా?”

“మన మాట యాడ వింటారు?” అంది. అంటూనే కిటికీలోంచి బయటికి చూసి, “ఆ క్రేట్లు ఎండలో పెట్టబాకండి” అని కేకేసింది. బయట నలుగురు గబగబా క్రేట్లు నీడకు జరిపారు. అది చూస్తూనే నేను ఐదుకు ఒకటి వేశాను.

మా వైపు బాగున్నదాన్ని బాగుందని నోటితో అనరు, దిష్టి తగులుతుందని. బిడ్డ బొద్దుగా ఉంటే “ఏం తింటాది, సగం పారేస్తాది” అంటారు. చెట్టు విరగకాస్తే “ఏదో నాలుగు కాయలుండాయి” అంటారు. ప్రశ్నలు రాసినవాళ్ళకు ఇది తెలియదు, వాళ్ళను అనేదేముంది? నేను ఈ గడ్డమీదే పుట్టాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది వట్టి బుకాయింపు.

ఎందుకంటే ఆఖరున ఒక కాగితం నాకూ ఇచ్చారు. అందులో నేను ఎలా ఉంటానో రాయలేదు, ఎలా ఉంటే బాగుంటుందో రాశాను. చొక్కా కొనడానికి గంట తటపటాయించే నేను, వెంటనే నిర్ణయాలు తీసుకుంటానని ఐదుకు ఐదు వేసుకున్నాను. ‘పుట్టుకతోనే నాయకుడు’ అని వచ్చింది, చుట్టూ ఎర్రటి రంగుతో. ఎంత పొంగిపోయానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా గురించి నాలుగు మంచి మాటలు అంతకు ముందెవరూ కాగితం మీద పెట్టలేదు మరి. ఇంటికి తీసుకెళ్ళి నా భార్యకు చూపిస్తే, “ఈయప్ప ఎవరు? మనింట్లో లేడే” అంది.

మేడమ్ ఫలితాలు అందరి ముందూ చదివింది. అక్కది ‘ఆత్మవిశ్వాసం తక్కువ’. సూపర్‌వైజరు ఉద్యోగం నాకు వచ్చింది. నేను లేచి, ఈ లెక్క తప్పు అని ఒక్క మాట అనాల్సింది. చప్పట్లు కొడుతుంటే చేతులు జోడించాను.

బయట కుళాయి దగ్గర ఆమె చేతులు కడుక్కుంటూ అడిగింది. “రాసింది నువ్వే గదా అబ్బయ్యా. నేను యట్లాంటిదాన్నో నీకు తెల్దా?”

లోడు వచ్చిందని చెప్పి లోపలికి పోయాను.

మరుసటి సీజన్లో ఆమె మళ్ళీ బెల్టు దగ్గరికి వచ్చింది. మొదటి లోడు మాగబెట్టి ఉంది. మేనేజరు నన్ను అడిగాడు, నేను ఆమెను అడిగాను. “అక్కా, ఇది తియ్యొచ్చా?”

“నాకేం తెల్సు సార్. మీరే సూడండి.”

ఆమె చేతులు బెల్టు మీదే ఉన్నాయి. ఈసారి క్రేటులోకి పోలేదు. నలభై మందీ చూస్తుండగా క్రేటులోంచి ఒక కాయ తీసి, ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కాను. వాసన కూడా చూశాను. నాకేమీ తెలియలేదు.