పుల్లమామిడి కొట్టేసిన ఏడు

ఇవాళ పొద్దున బజారు నుంచి తెచ్చిన పచ్చి మామిడికాయ తొడిమ తుంచగానే సొన చివ్వున చిమ్మి, ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, ఆగిరిపల్లి దగ్గర మా ఊళ్ళో, సొన అంటి మూతి పొక్కించుకున్నందుకు నాయనమ్మ చేత తిట్లు తినే తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

మా ఇంటి వెనక తోటలో, నూతి పక్కన, ఒక పుల్లమామిడి ఉండేది. పండితే ఎవరూ ముట్టరు గానీ ఆవకాయకు దాన్ని మించింది లేదు. ఎండలు ముదరగానే వీధి వీధంతా కత్తిపీటలు పట్టుకుని దాని కిందికే వచ్చేది. పెద్దవాళ్ళు ముక్కలు కొడుతుంటే జీడి తీసిపారేసే పని మా పిల్లలది, ఆవపిండి ఘాటుకు కళ్ళు మండి ముక్కులు కారుతున్నా కొత్తావకాయ ముద్దకు ముందుగా చెయ్యి చాపేదీ మేమే.

మేమంటే పదకొండుమంది మనవలం. నాయనమ్మ కన్న తొమ్మిదిమందిలో అయిదుగురు చలిజ్వరాలకు పోయి, మా నాన్నా, ముగ్గురు బాబాయిలూ మిగిలారట. మా రోజులొచ్చేసరికి గోడలకు దోమలమందు కొట్టేవాళ్ళు వచ్చారు, టీకాలొచ్చాయి, పుట్టినవాళ్ళం పుట్టినట్టే బతికాం. మమ్మల్నందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు పెడుతూ ఆవిడ ఎంత మురిసిపోయేదో! కానీ ఇద్దరు బాబాయిలు ఇళ్ళు కట్టుకునేసరికి తోట సగం పోయింది. అయినా పాతింట్లో మేమూ, ఆఖరి బాబాయి పిల్లలూ పడుకుంటే ఒకళ్ళ కాలు ఇంకొకళ్ళ మొహం మీద. ఆ బాబాయి వాటాకు నూతి పక్క జాగా వచ్చింది.

"పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టమంటావే అమ్మా?" అన్నాడాయన. పిన్నికి అప్పుడు మళ్ళీ నాలుగో నెల.

నాయనమ్మ రెండు రోజులు పనులన్నీ నూతి దగ్గర, ఆ చెట్టు కిందే చేసుకుంది. మూడోనాడు నాకు జడ వేస్తూ, "పెద్దదానివి, నువ్వు చెప్పవే. చెట్టుంచమందామా, ఇల్లు కట్టుకోమందామా?" అంది.

రాత్రి తమ్ముడు నిద్రలో తన్నిన తన్నుకు నా పెదవి వాచి ఉంది. ఒళ్ళు మండి "ఇల్లే" అన్నాను. ఆవిడ రిబ్బను ముడి వేసి, "సరేలే," అంది.

శివరాత్రి వెళ్ళాక, పిందె మీదున్న చెట్టును కొట్టేశారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బాబాయి వాళ్ళు కొత్తింటికి వెళ్ళిన రోజు చాప మీద కాళ్ళు బారచాపుకుని హాయిగా పడుకున్నదీ నేనే. ఇదేం బుద్ధో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ వేసవిలో నాయనమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నూజివీడు వెళ్ళి ఆవకాయకు కాయలు కొంది. "మనం కాయలు కొనడమేంటే, సిగ్గుచేటు!" అంటూ, ఎవరూ చూడకుండా సంచి మీద తువ్వాలు కప్పి తెచ్చింది. కలిపాక రుచి చూసి, "బానే ఉందిలే," అని జాడీకి వాసెన కట్టేసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

మొన్న వెళ్ళాను. తోట లేదు. నుయ్యి ఎండిపోతే పూడ్చేశారట. ఇంటింటికీ బోరు, ఇంటినానుకుని ఇల్లు, నిలబడదామంటే నీడ లేదు. అప్పుడు పిన్ని కడుపులో ఉండి, కొత్తింట్లో పుట్టిన బాబాయి కూతురు, ఇప్పుడు తనూ మనవలను ఎత్తిన మనిషి, నాకు కుర్చీ వేసి విసనకర్రతో విసురుతూ, "ఒక్క చెట్టన్నా ఉంచలేదు చూడక్కా మనవాళ్ళు. ఎవరు కొట్టించారో గానీ, బుద్ధుండక్కర్లా?" అంది.

నేనే, నీకోసమే అందామని నోటిదాకా వచ్చింది. తను ఆపకుండా విసురుతూనే ఉంది. ఆ చేతినే చూస్తూ, కాసిని మంచినీళ్ళివ్వవే అన్నాను.